పటిక పనే పలకలదీ... మరి మడ్డి మాటేమిటి?

గోదావరికి వరద నీరు తగిలిందంటే డెల్టా పల్లెల్లో ఇల్లాలి చేతికి పటిక ముక్క రావలసిందే. కాలువ నుంచి తెచ్చిన ఎర్ర నీళ్లు బిందెలో పోసి, పటికను నాలుగు చుట్లు తిప్పి, మూత పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి పైన తేట, అడుగున మడ్డి. పటిక దొరకని ఇళ్లలో చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసేవారు. దానినే ఇండుపగింజ అని కూడా అంటారు. తేట నీళ్లు వంచుకుని, అడుగు మడ్డిని పెరట్లో పారబోసేవారు. అది వట్టి ఒండ్రు. అరటి పాదుకు పోసినా, కొబ్బరి మొదట్లో పోసినా మేలే తప్ప కీడు లేదు.

ఇప్పుడు ఆ మడ్డిలో ఒండ్రుతోపాటు మరొకటి దిగుతున్నది. అది ప్లాస్టిక్ నలుసు. కంటికి కనిపించదు. కుళ్లదు, కరగదు. నీళ్లలోంచి ఈ నలుసును తీయడానికి శాస్త్రజ్ఞులు కరెంటు పలకల పద్ధతిని పరీక్షిస్తున్నారు. వినడానికి కొత్తగా ఉన్నా, ఆ పద్ధతి చేసేది మన బిందెలో పటిక చేసే పనే. అయితే ఏ పద్ధతిలో తీసినా ఒక ప్రశ్న మిగిలిపోతున్నది. తీసిన మడ్డిని ఎక్కడ వేయాలి? కాలువ నీళ్లే తాగునీళ్లయిన గోదావరి జిల్లాలకు, అందులోనూ శివారు గ్రామాలకు, అసలు ప్రశ్న ఇదే.

నలుసు ఎక్కడిది?

అయిదు మిల్లీమీటర్ల కంటే చిన్నదైన ప్లాస్టిక్ తునకను మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. బియ్యపు గింజ కంటే చిన్నది మొదలు, సూక్ష్మదర్శినితో తప్ప కనిపించని రజను వరకు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అందులో పదో వంతు కూడా లేని తునకలు నీళ్లలో ఉంటాయి. 2004లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థామ్సన్ బృందం సముద్ర తీరపు ఇసుకలోనూ, నీటిలోనూ ఇవి ఉన్నట్టు ప్రకటించిన తరువాతే ఈ పేరు లోకమంతా పాకింది.

డెల్టాలో ఈ నలుసు పుట్టే చోట్లు వెతకనక్కరలేదు. కాలువ గట్టున పారేసిన సంచి ఎండకు పెళుసుబారి పొడిపొడి అవుతుంది. గుర్రపు డెక్కలో చిక్కుకున్న సీసా నలుగుతుంది. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టిన నైలాను వల చివికిపోతుంది. మేత సంచులు, తెగిన పైపులు గట్ల మీదే పడి ఉంటాయి. పీచు తాళ్లకు పేరుపడ్డ కోనసీమలోనే నైలాను తాడు కట్టని ఇల్లు లేదు. ఆ తాడు అరిగినప్పుడల్లా రాలేది ప్లాస్టిక్ రజనే.

బట్టల సంగతి సరేసరి. నూలు బట్ట నుంచి రాలిన పీచు మట్టిలో కలిసిపోతుంది. పాలిస్టరు, యాక్రిలిక్ పీచులు అలా కలవవు. ఆరు కిలోల యాక్రిలిక్ బట్టలను యంత్రంలో ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు రాలవచ్చని ప్లిమత్ పరిశోధకులే 2016లో లెక్క తేల్చారు. రేవులో బండమీద బాదినా పాలిస్టరు చీర పోగులు రాలక మానవు.

ఈ నీళ్లు ఒకచోట ఆగేవి కావు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని ఆ నీరు కాలువల్లో పడి ఊరూరికీ చేరుతున్నది. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్న బ్యారేజి కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. పొలానికి వచ్చిన కాలువే ఊరి మంచినీటి చెరువునూ నింపుతుంది. సముద్రం దాపున ఉన్న ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. అక్కడ కాలువ తప్ప గతి లేదు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకోవాలి. మళ్లీ నీరు వదిలే దాకా ఊరంతా దాని మీదే బతకాలి. ఎగువన ఉన్న ఊరు కాలువలో ఏది పడేస్తే, దిగువన ఉన్న ఊరి చెరువులోకి అది వస్తుంది.

పలకల పద్ధతి

పటిక ఎలా పనిచేస్తుందో తెలిస్తే పలకల పద్ధతి తెలిసినట్టే. నీళ్లలోని ఒండ్రు రేణువులన్నిటి మీదా ఒకే రకమైన విద్యుదావేశం, అంటే రుణావేశం ఉంటుంది. అందువల్ల ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి తప్ప అడుగుకు దిగవు. పటికలో ఉండే అల్యూమినియం ఈ తోపులాటను పోగొడుతుంది. నీటితో కలిసి బంకబంకగా, దూది పింజల్లాంటి తెట్టు కడుతుంది. రేణువులు ఆ పింజలకు అంటుకుని బరువెక్కి అడుగుకు చేరతాయి. ప్లాస్టిక్ నలుసు మీద కూడా సాధారణంగా రుణావేశమే ఉంటుంది. కాబట్టి అదీ ఆ పింజల్లో చిక్కుకుంటుంది.

పలకల పద్ధతిలో పటిక వేయరు. నీటితొట్టెలో అల్యూమినియం పలకలు గాని, ఇనుప పలకలు గాని వరుసగా నిలబెట్టి, బ్యాటరీ నుంచి వచ్చేటటువంటి ఏకముఖ విద్యుత్తును పంపుతారు. ధన ధ్రువానికి కలిపిన పలక కొద్దికొద్దిగా కరిగి, నీటిలోనే ఆ దూది పింజలు తయారవుతాయి. రెండో పలక దగ్గర హైడ్రోజన్ వాయువు సన్నని బుడగలుగా లేస్తుంది. కొన్ని పింజలు ఆ బుడగలతోపాటు పైకి తేలి నురగ కడతాయి, కొన్ని అడుగుకు దిగుతాయి. పై నురగను తీసేసి, అడుగు మడ్డిని వేరుచేస్తే నడుమ ఉన్నది తేట. దీనినే విద్యుత్ స్కందనం అంటారు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. 1889 ప్రాంతంలోనే లండన్ నగరపు మురుగును ఇనుప పలకల మధ్య కరెంటు పంపి తేర్చి చూశారు. మన దేశంలో తమిళనాడులోని కారైకుడిలో 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, నీటి నుంచి ఆర్సెనిక్, ఫాస్ఫేటు వంటి వాటిని ఈ పద్ధతిలో తీయడంపై పరిశోధనలు చేసింది. ప్లాస్టిక్ మీదికి దీన్ని మళ్లించడమే కొత్త.

ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఆ ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. సౌందర్య సాధనాల్లో వాడే పాలిథిన్ పూసలను లీటరు నీటిపాత్రలో కలిపి, అల్యూమినియం పలకలతో పరీక్షించారు. నీరు ఆమ్లమూ క్షారమూ కాకుండా మధ్యస్థంగా ఉన్నప్పుడు నూటికి 99కి పైగా పూసలు తెట్టులో చిక్కాయి. అయితే ఆ పూసలు మిల్లీమీటరులో మూడో వంతు ఉన్నవి. అంటే ఇసుక రేణువంతటివి. అంతకన్నా సన్నని రజనును పట్టడం అంత తేలిక కాదు.

పట్టడం వేరు, కరిగించడం వేరు

కరెంటుతోనే చేసే మరో పద్ధతి ఉన్నది. ఇందులో పలక కరగదు. వజ్రపు పూత పూసిన పలక మీద కరెంటు ఒత్తిడికి పుట్టే తీక్షణమైన పదార్థాలు ప్లాస్టిక్‌నే ఛిద్రం చేసి, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి. కెనడాలోని క్విబెక్ జాతీయ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పాలిస్టైరీన్ రజనుపై ఈ ప్రయోగం చేయగా, ఆరు గంటల్లో 89 శాతం దాకా నశించినట్టు 2021లో వెలువడిన వ్యాసంలో రాశారు. మడ్డి సమస్య లేకపోవడం దీని గొప్ప.

కాని ఆరు గంటల కరెంటు ప్రయోగశాలలోని కొద్దిపాటి నీటికి. ఊరి చెరువుకు ఎన్ని గంటలు కావాలో ఊహించుకోవచ్చు. ఉప్పు సంగతి కూడా చూడాలి. నీళ్లలో ఉప్పు ఉంటే ఇలాంటి పలకల దగ్గర క్లోరిన్ పుడుతుంది. అది నీటిలోని ఇతర పదార్థాలతో కలిసి తాగరానివి తయారుకావచ్చు. ఆక్వా చెరువుల దిగువనా, ఉప్పుటేరుల దాపునా ఉన్న ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఊరికి పలక లాభమా, పటిక లాభమా?

అయిదు వేల జనాభా ఉన్న ఒక ఊరిని తీసుకుందాం. జల జీవన్ పథకం ప్రకారం తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున 2 లక్షల 75 వేల లీటర్లు కావాలి. లీటరుకు 10 మిల్లీగ్రాముల అల్యూమినియం పడుతుందనుకుంటే, రోజుకు 2 కిలోల 750 గ్రాముల పలక కరగాలి. ఒక ఆంపియరు కరెంటు గంటసేపు పారితే కరిగే అల్యూమినియం గ్రాములో మూడో వంతే. ఆ లెక్కన రేయింబవళ్లు ఆగకుండా సుమారు 340 ఆంపియర్లు పారాలి. వోల్టేజి తక్కువే కావచ్చు. కాని కరెంటు పోయిందా, తేర్చే పని కూడా ఆగిపోతుంది. పలక మీద పొర పేరుకుంటే గీకాలి, కరిగిపోతే మార్చాలి. అందుకు పని తెలిసిన మనిషి ఉండాలి.

అంతే అల్యూమినియం ఫిల్టర్ ఆలం రూపంలో కావాలంటే రోజుకు 30 కిలోలకు పైగా చాలు. కరెంటు ఉన్నా లేకున్నా అది పనిచేస్తుంది. నీరు కలుపుకోవడం, తేరనివ్వడం, ఇసుకలో వడపోయడం మన ఫిల్టర్ బెడ్లకు తెలిసిన పనులే.

వీటివల్ల ప్లాస్టిక్ పోతుందా అంటే, చాలావరకు పోతుంది. చెక్ దేశంలో మూడు మంచినీటి కేంద్రాలను పరీక్షించి 2018లో ఫలితాలు వెల్లడించారు. శుద్ధికి ముందు లీటరు నీటిలో సుమారు 1,470 నుంచి 3,600 నలుసులు ఉండగా, శుద్ధి తరువాత 340 నుంచి 630 వరకు మిగిలాయి. అంటే నూటికి 70 నుంచి 83 వరకు తగ్గాయి. అక్కడ వాడిందీ ఇటువంటి మందులూ, ఇసుకా, వడపోతలే.

అలాగని పలకల పద్ధతిని తోసిపుచ్చనక్కరలేదు. దాని చోటు వేరు. ప్లాస్టిక్ చిక్కగా ఉండి, నీరు తక్కువగా ఉన్న చోట అది రాణిస్తుంది. పట్టణాల్లో బట్టలుతికే కేంద్రాలు, అద్దకపు శాలలు, ప్లాస్టిక్‌ను కరిగించి మళ్లీ గుళికలు చేసే కర్మాగారాలు, పట్టణపు మురుగు కాలువలో పడే చోటు. అక్కడే పట్టేస్తే ఊరి చెరువు దాకా రాదు. ఇంటి గుమ్మంలో దొంగను పట్టడం కన్నా ఊరి పొలిమేరలోనే పట్టడం మేలు.

మడ్డి మాటేమిటి?

పటిక గాని, పలక గాని, ఇసుక గాని ప్లాస్టిక్‌ను మాయం చేయవు. నీళ్లలో ఉన్నదాన్ని ఒకచోటికి చేరుస్తాయి, అంతే. పదివేల బిందెలలో చెదిరి ఉన్నది ఒక్క గంపలోకి వస్తుంది. ఆ గంపను తీసుకుపోయి మళ్లీ కాలువలో కుమ్మరిస్తే, చేసిన పనంతా పై ఊరి పాపాన్ని మూటకట్టి కింది ఊరికి పంపినట్టు అవుతుంది.

ఫిల్టర్ బెడ్ పై పొర మూసుకుపోయినప్పుడు ఇసుకను గీకి తీస్తారు. ఆ గీకిన ఇసుకను చెరువు గట్టున పోస్తే మొదటి వానకే అది మళ్లీ చెరువులో చేరుతుంది. తొట్టి అడుగున ఉన్న మడ్డిని పక్కనున్న బోదెలోకి వదిలితే, బోదె నుంచి డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతుంది. సముద్రంలో ఉన్నది చేపలోకి, చేప నుంచి మళ్లీ మన కంచంలోకి వస్తుంది. గీకి తీసిన ఇసుకకూ, మడ్డికీ నీటి అంచుకు దూరంగా, అడుగున గచ్చు వేసి, చుట్టూ గట్టు పెట్టిన మడి ఒకటి కావాలి. మడ్డి అందులో ఎండిన తరువాత పంచాయతీ చెత్తతో కాకుండా విడిగా తరలించాలి. పటిక మడ్డిని ఇటుకల మట్టిలో కలిపే ప్రయోగాలు పలు దేశాల్లో జరిగాయి. ఎరువని పొలంలో చల్లడం మాత్రం తగదు. వెనకటి మడ్డి ఒండ్రు, ఇప్పటి మడ్డి అలాంటిది కాదు.

టిన్ను నీళ్లదీ ఇదే కథ. ఆర్.ఓ. యంత్రం నలుసును బాగానే ఆపుతుంది. ఆపినదంతా వ్యర్థ జలంలో చేరుతుంది. ఆ గొట్టం ఎక్కడికి పోతున్నదో చూసేవారు అరుదు. పైగా శుద్ధి చేసిన నీళ్లను పట్టేది మళ్లీ ప్లాస్టిక్‌లోనే. అమెరికాలో సీసా నీళ్లను పరీక్షించి, లీటరుకు సగటున 2 లక్షల 40 వేల ప్లాస్టిక్ తునకలు ఉన్నట్టు కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024 జనవరిలో ప్రకటించారు. వాటిలో నూటికి తొంభై అతి సూక్ష్మమైన రజనే.

భయం ఎంత, జాగ్రత్త ఎంత?

ఈ నలుసు వల్ల ఫలానా రోగం వస్తుందని బల్లగుద్ది చెప్పడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదికలో పేర్కొన్నది. ప్లాస్టిక్ వాడకం తగ్గించాలని, మామూలు నీటి శుద్ధిని సక్రమంగా చేయాలని అదే నివేదిక సూచించింది. మామూలు శుద్ధి సరిగా జరిగితే రోగక్రిములు కూడా పోతాయి. తరువాత 2024లో ఇటలీ వైద్యులు మరొక విషయం బయటపెట్టారు. మెడ రక్తనాళాల్లో పూడిక తీయించుకున్న 257 మందిలో 150 మంది పూడికలో పాలిథిన్ కనిపించింది. అది ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు ఎక్కువగా తేలింది. ముప్పుకు కారణం అదేనని దీనితో రుజువు కాలేదు. అలాగని ఉపేక్షించదగినదీ కాదు.

ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. నీళ్లు కాచి చల్లార్చి, అడుగు కదపకుండా పై తేటను వడకట్టి తాగడం పెద్దలు చెప్పిన మాటే. చైనాలోని గ్వాంగ్‌జౌలో 2024లో చేసిన పరిశోధనలో, సున్నం ఎక్కువగా ఉన్న నీళ్లు మరిగిస్తే అడుగున కట్టే తెల్లని పెచ్చులో ప్లాస్టిక్ రజను 90 శాతం వరకు చిక్కుకున్నది. సున్నం తక్కువున్న నీళ్లలో పాతిక శాతమే చిక్కింది. అయినా మరిగించిన నీళ్లకు క్రిముల భయం లేదు. నీళ్లు రాగి, ఇత్తడి, స్టీలు బిందెల్లో గాని, మట్టి కుండలో గాని పోసుకుంటే కొత్తగా ప్లాస్టిక్ కలవదు. పటిక వాడినా మోతాదు మించకూడదు. తాగే నీటిలో అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటకుండా, వేరే ఆధారం లేనప్పుడు కూడా 0.2 మిల్లీగ్రాములకు మించకుండా ఉండాలన్నది భారతీయ ప్రమాణం.

ఒక హెచ్చరిక. పలకలూ, బ్యాటరీ తెచ్చి ఇంట్లో ప్రయోగం చేయబోవద్దు. కరెంటు తగలవచ్చు. మూసిన గదిలో హైడ్రోజన్ చేరితే నిప్పురవ్వకే అంటుకుంటుంది. కరిగిన లోహం నీటిలో ఎంత మిగిలిందో ఇంట్లో కొలవలేరు.

ఊరు అడగవలసింది

దేశమంతటా 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు పలు రకాలు నిషేధమయ్యాయి. చేతిసంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదన్న నిబంధన 2022 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చింది. చట్టం ఉన్నది. కాలువ గట్టు మీద ఆ చట్టం కనబడాలి.

2015 పుష్కరాలకు గోదావరి రేవుల్లో జనం కిక్కిరిశారు. పన్నెండేళ్లకు 2027లో మళ్లీ పుష్కరాలు. వచ్చే లక్షల మంది వెంట తెచ్చే సీసాలు, సంచులు రేవులోనే ఆగాలా, బ్యారేజి దాటి కాలువల్లో పడాలా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. నలుసు కాక ముందు సీసాను చేత్తో ఏరవచ్చు. నలుసు అయిన తరువాత పటిక కావాలి, పలక కావాలి, ఇసుక కావాలి, మడ్డికి చోటు కావాలి.

గ్రామసభలో అడగవలసిన ప్రశ్నలు మూడే. చెరువులోకి నీరు వచ్చే తూముకు జల్లెడ ఉన్నదా? ఫిల్టర్ బెడ్ ఇసుక ఎప్పుడు మార్చారు? గీకి తీసిన మడ్డి ఎక్కడ పోశారు? కొత్త యంత్రం అమ్మడానికి ఎవరైనా వస్తే మూడో ప్రశ్నే వారినీ అడగాలి. దానికి జవాబు చెప్పలేని యంత్రం ఎంత గొప్పదైనా, అది చేసేది చెత్తను కింది ఊరికి పంపడమే. డెల్టాలో ప్రతి ఊరికీ కింద మరొక ఊరు ఉంటుంది. ప్రతి ఊరూ మరొక ఊరికి కిందనే ఉంటుంది.